తాళాల బాబాయి కూతురికిచ్చిన మాట

తాళంచెవికి నకలు తీయడం ఎంతసేపటి పని? టీ చల్లారేలోపు అయిపోతుంది. కానీ తాళాల బాబాయి కొట్టుకి వెళ్ళినవాడు అంత తొందరగా బయటపడ్డ దాఖలా ఆ వీధిలో లేదు. మెట్ల కింద ఇరుకు గదిలో ఆయన కొట్టు. గోడ నిండా కొక్కేలకు వేలాడే ఖాళీ చెవులు, బల్ల మీద మెషీను, బల్ల కింద ఆకురాళ్ళ పెట్టె. మీ చెవిని ఒక పక్క, ఖాళీ చెవిని ఇంకో పక్క బిగించి, "కూర్చోండి" అని ఉన్న ఒక్క స్టూలూ ముందుకు తోస్తాడు. కూర్చున్నారో, అయిపోయారే! "మనిషి ఒంట్లో ఎన్ని తాళంచెవులుంటాయో తెలుసా మీకు?" అని మొదలెడతాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు. ఇక వినేవాడి ఇంటి తాళంచెవి చెప్పేవాడి చేతిలో ఉంటే అడగాలా!

అయితే ఆ మాటలు చెప్పే హక్కు ఆయనకు లేకపోలేదు. రక్తం గడ్డకట్టని జబ్బుతో పుట్టాడాయన. "ఆకురాయి గీసుకుంటే ఎలా బాబాయ్, ఇంత పదును పనిలో ఉన్నావు?" అని జాలిపడేవాళ్ళకు, "వేలు తెగితే నొక్కిపట్టుకుంటే ఆగుతుందయ్యా, నా గొడవంతా లోపల" అని జవాబిచ్చేవాడు. లోపలంటే కీళ్ళలో. దెబ్బ తగలకపోయినా మోకాట్లో రక్తం కారి, తెల్లారేసరికి కొబ్బరికాయంత అయ్యేది. అలా వాచి వాచి కుడి మోకాలు వంగడమే మానేసింది. మెట్లెక్కేటప్పుడు ఆ కాలిని రెండు చేతులా పట్టుకుని పై మెట్టు మీద పెట్టుకునేవాడు. మేనమామ ఒకాయన ఇదే జబ్బుతో మీసాలు రాకముందే పోయాడట. ఈయన మాత్రం గట్టి పిండం. వారానికి మూడుసార్లు తన నరంలోకి తానే సూది గుచ్చుకుంటూ, పెళ్ళి చేసుకుని, ఒక కూతుర్ని కని, పెంచి, ఆ పిల్లకు పెళ్ళి కూడా చేసి, నవ్వుతూ నవ్విస్తూ అరవైకి దగ్గరపడ్డాడు.

ఇంతకీ ఆయన పాఠం ఏమిటంటారా? "ప్రతి మనిషికీ రెండు గుత్తులుంటాయండీ. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒకదాన్లో చెవి అరిగినా రెండోదాన్లో ఉన్నదానితో బండి నడిచిపోతుంది. కానీ ఈ రక్తం గడ్డకట్టించే చెవి ఉంది చూశారూ, అది ఆడవాళ్ళకి రెండు గుత్తుల్లోనూ ఉంటుంది, మగాడికి అమ్మ గుత్తిలోనే ఉంటుంది. నాన్న గుత్తిలో ఆ కొక్కెం ఖాళీ. మా అమ్మకి ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. నాకు చెడ్డదొచ్చింది. ఆవిణ్ణి ఏమనగలం? చీకట్లో చెయ్యిపెట్టి ఇచ్చింది పాపం."

చక్కగా చెప్పేవాడు, అందులో వంక పెట్టడానికి లేదు. కాలేజీ చదువులు చదివినవాళ్ళు కూడా "ఓహో, ఇదా సంగతి" అని తలాడించి వెళ్ళేవారు. పాఠం మాత్రం తల్లి దగ్గర మొదలై తన దగ్గర ఆగిపోయేది. "మరి మీ అమ్మాయి మాటేమిటి?" అని ఎవరైనా అడిగితే "ఆడపిల్లలకి రాదండీ ఇది" అని ఒక్క ముక్కలో తేల్చేసి మెషీను తిప్పేవాడు.

అలా ఉండగా పెద్దాసుపత్రిలో కొత్త వైద్యం వచ్చింది. ఒక వైరస్‌ని పట్టుకుని, దాని లోపలున్న చెడంతా తీసేసి, ఆ ఖాళీలో మంచి జన్యువు పెట్టి ఒంట్లోకి వదులుతారట. అది నేరుగా కాలేయానికి పోయి, తెచ్చిన సరుకు అక్కడ దింపుతుందట. అప్పణ్ణుంచి రక్తం గడ్డకట్టించే పదార్థాన్ని కాలేయమే తయారుచేసుకుంటుందట. "దొంగ చేతిలో కత్తి లాక్కుని, మంచి తాళంచెవి పెట్టి పంపడమన్నమాట" అని తాళాల బాబాయి వెంటనే తన భాషలోకి దించేశాడు. ముందు ఆ వైరస్ ఈయన ఒంటికి పాత పరిచయమేమో చూశారు. పరిచయమైతే ఒళ్ళు దాన్ని గుమ్మంలోంచే తరిమేస్తుంది, వైద్యం దండగవుతుంది. అదృష్టం, పరిచయం లేదని తేలింది. ఒక మధ్యాహ్నం మంచం మీద పడుకోబెట్టి, మామూలు సెలైన్ ఎక్కించినట్టే ఎక్కించారు. "ఇంతేనా? ఇంత పెద్ద వైద్యానికి ఒక గంటైనా మోగొద్దూ!" అని ఆయన నర్సమ్మ ముందు నొచ్చుకున్నాడు కూడా.

గంట మోగకపోయినా పని జరిగింది. కాలేయం అలగకుండా నెలల తరబడి మాత్రలిచ్చారు. వాటితో మొహం ఉబ్బింది, చిరాకు పెరిగింది, భార్యతో అయినదానికీ కానిదానికీ గొడవపడ్డాడు. కానీ రక్తపరీక్షలో ఆ పదార్థం తాలూకు అంకె మెల్లగా లేచి నిలబడింది. సూదులు ఆగిపోయాయి. అరిగిన మోకాలు అరిగినట్టే ఉంది గానీ కొత్తగా వాచడం మానేసింది. పుట్టి బుద్ధెరిగాక అలాంటి రోజులు ఆయన చూడలేదు. కళ్ళు నెత్తికెక్కాయంటే ఎక్కవూ మరి!

అసలు కథ ఇక్కడే ఉంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఆయన కూతురికి పెళ్ళై ఏళ్ళు గడిచినా పిల్లల్లేరు. లేకపోవడం కాదు, వద్దనుకుంది. చిన్నప్పుడు తన గదికీ తండ్రి గదికీ మధ్య ఒక్క గోడే. అవతల తండ్రి పళ్ళు బిగించుకుని చేసే ఆ సన్నటి మూలుగు వింటూ పెరిగింది ఆ పిల్ల. పొద్దున్నే "ఏమైంది నాన్నా?" అంటే, "కాలు అలిగిందే, దానికి బుజ్జగింపులు కావాలట" అని నవ్వేవాడు. ఆమెకు నవ్వొచ్చేది కాదు. పెళ్ళికి ముందే కాబోయే మొగుడికి చెప్పేసింది: "ఇంకో ప్రాణం చేత అలా పళ్ళు బిగింపజెయ్యలేను నేను. ఒప్పుకుంటేనే పెళ్ళి." అల్లుడు మెత్తనివాడు, సరేనన్నాడు. తల్లి మాత్రం చాటుగా కళ్ళు తుడుచుకునేది.

అంకె లేచిన వారంలోనే తాళాల బాబాయి కూతురింటికి వెళ్ళి కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు.

"నా దగ్గరే ఆగిపోయింది తల్లీ. ఇక మనింట్లో ఆ జబ్బు మాటే లేదు."

"నిజంగానా నాన్నా? డాక్టర్లు చెప్పారా?"

"డాక్టర్లు చెప్పేదేంటే, నా ఒళ్ళు చెబుతోందిగా! తాళం బాగుచేశామనుకో, ఆ ఇంట్లో ఎన్ని చెవులున్నా అన్నీ తిరుగుతాయి. పుట్టినప్పట్నుంచీ తాళాలతోనే కదా నా బతుకు, నాకు తెలీదా?"

ఆమె చాలాసేపు తండ్రి మొహంలోకి చూసింది. నమ్మింది. నమ్మదూ? కళ్ళముందు మనిషి లేచి తిరుగుతున్నాడాయె. ఏడాది తిరక్కుండానే నెల తప్పింది. కాన్పు ఆసుపత్రిలో డాక్టరమ్మ "మీ ఇంట్లో రక్తం జబ్బులేమైనా ఉన్నాయా?" అని అడిగితే "లేవండీ" అంది. అలా చెప్పమన్నదీ తండ్రే. నయమైపోయినదాన్ని చెప్పుకుని లేనిపోని అనుమానాలు ఎందుకని ఆయన ఉద్దేశం.

ఆమెకు ఏడో నెల నడుస్తుండగా పెద్దాసుపత్రివాళ్ళు ఒక సమావేశం పెట్టారు. ఇదే జబ్బు పిల్లల తల్లిదండ్రులకు కొత్త వైద్యాల గురించి చెప్పాలి, వైద్యం చేయించుకున్న మనిషి నోట చెప్పిస్తే బాగుంటుందని తాళాల బాబాయిని పిలిచారు. పిలవడమే ఆలస్యం! ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు గుత్తులు జేబులో పెట్టుకుని వెళ్ళాడు. హాలు నిండా బెదురు చూపుల తల్లులు, మోకాళ్ళకు మెత్తటి గుడ్డలు చుట్టిన పిల్లలు. ఆయన గుత్తులు ఆడించి చూపిస్తూ చెబుతుంటే జనం భయాలు మరిచిపోయి నవ్వారు. చివర్లో ఒక తల్లి లేచి అడిగింది, "మీకు పిల్లలున్నారా బాబాయ్ గారూ?"

"ఉంది నా తల్లి! ఇప్పుడు కడుపుతో ఉంది. నా జబ్బు పోయింది కాబట్టే ధైర్యంగా కంటోంది. నా మనవడికి ఈ బాధ లేదు."

హాలంతా చప్పట్లు. గోడవారగా నిలబడ్డ నర్సమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆ విభాగంలో ఇలాంటి కుటుంబాలకు విషయాలు విడమరిచి చెప్పడమే ఆవిడ పని. అందరూ వెళ్ళాక ఆయన్ని వరండాలో మంచినీళ్ళ కుళాయి పక్కకు పిలిచింది.

"బాబాయ్, అమ్మాయి కాన్పు ఎక్కడ? మీ జబ్బు సంగతి వాళ్ళకి తెలుసా?"

"ఎందుకు చెప్పడం? పోయిందిగా!"

"మీకు తగ్గింది బాబాయ్. అదీ కొన్నేళ్ళకి మళ్ళీ కిందికి జారొచ్చు, అందుకే మిమ్మల్ని పరీక్షలకి రమ్మంటున్నాం. అమ్మాయి విషయం వేరు. ఈ మందు మీ కాలేయం దాకానే పోయింది. పిల్లలకి మీరిచ్చేది కాలేయంలోంచి కాదు కదా."

"అంటే?"

"మీ దగ్గర ఉన్నది ఒక్క చెవే, అదీ చెడ్డది. తల్లి కడుపున పడ్డరోజే ఆ చెవి అమ్మాయి గుత్తిలోకి వెళ్ళిపోయింది. వేరే దారి లేదు, ఇలాంటి తండ్రికి పుట్టిన ప్రతి ఆడపిల్లకీ అంతే. మొన్న మేం బాగుచేసింది మీ ఇంటి తాళం. అమ్మాయిది వేరే ఇల్లు బాబాయ్."

తాళాల బాబాయి కుళాయి కట్ట మీద కూలబడ్డాడు. ఆవిడ ఆగకుండా, మెల్లగా చెప్పింది. పుట్టేది మగపిల్లాడైతే జబ్బు రావడానికి సగం అవకాశం, రాకపోవడానికి సగం. సంగతి తెలియకుండా పురుడు పోస్తే, బిడ్డ తల పట్టి లాగే పరికరాలు వాడితే, మెదడులో రక్తం కారే ప్రమాదం. పుట్టగానే తొడకి వేసే సూది కూడా ఆలోచించి వేయాలి. అమ్మాయి రక్తంలో కూడా ఆ పదార్థం తక్కువ ఉండొచ్చు, కాన్పయ్యాక అది ఇంకా పడిపోయి రక్తం ఆగకపోవచ్చు. "ముందే తెలిస్తే ఇవన్నీ చూసుకోగలం. తెలియకపోతేనే భయం. ఆడపిల్లలకి రాదని ఎవరు చెప్పారు మీకు?" అంది.

ఎవరూ చెప్పలేదు. ఆయనే అనుకున్నాడు, ఆయనే నమ్మాడు, ఆయనే ఊరందరికీ చెప్పాడు.

"సిస్టర్, మీరే చెప్పండి మా అమ్మాయికి. మీకైతే చెప్పడం వచ్చు" అని చేతులు పట్టుకున్నాడు.

"వైద్యం సంగతి నేను చెబుతాను. మాట ఇచ్చింది మీరు కదా బాబాయ్."

ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీరు రచ్చ గెలిచొచ్చారు. పదండి, ఇప్పుడే వెళ్దాం" అందావిడ. ఆయన ఒక్కడినే వెళ్తానన్నాడు. బస్సులో దారి పొడుగునా ఎలా మొదలెట్టాలా అని కూడబలుక్కున్నాడు. గుత్తులు, చెవులు, కొక్కేలు అన్నీ వరసగా పేర్చుకున్నాడు. తీరా కూతురు తలుపు తీసి, ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని "ఈ వేళప్పుడొచ్చావేంటి నాన్నా?" అనేసరికి అవన్నీ ఎటు పోయాయో పోయాయి.

"నేను నీకు తప్పు చెప్పానమ్మా. అది ఆగలేదు. నీ దగ్గరుంది."

ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె వింటూ వింటూ సోఫాలో కూర్చుంది. అల్లుడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నీ మాట నమ్మే కదా నాన్నా ఈ కడుపు?" అంది చివరికి. గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా బాగుండేది. "డాక్టర్లు చెప్పారా అని అడిగాను కదా నిన్ను? తెలీదమ్మా, కనుక్కుంటాను అని ఒక్క మాట అని ఉంటే నేను ఆగేదాన్ని కదా?"

"ఇప్పుడు మంచి మందులొచ్చాయే తల్లీ, చిన్నపిల్లలకి చర్మం కింద..."

"వద్దు. ఇవాళ నాకేం వివరించకు నాన్నా. వెళ్ళు."

వెళ్ళాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని దారంతా తనను తాను తిట్టుకున్నాడు. కడుక్కుంటే పోయే అడుసా ఇది?

మర్నాడే ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది. రక్తం తీశారు, అంకెలు చూశారు, కాన్పు పెద్దాసుపత్రికి మార్చారు. రెండు విభాగాల డాక్టర్లు కూర్చుని ఏది చెయ్యాలో, ఏది చెయ్యకూడదో ముందే అనుకున్నారు. ఇవన్నీ తాళాల బాబాయికి భార్య ద్వారా తెలిసేవి. కూతురు తల్లికి ఫోన్ చేసేది, తండ్రిని అడిగేది కాదు. కొట్టులో మెషీను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. స్టూలు మీద కూర్చున్నవాళ్ళు "ఏం బాబాయ్, ఇవాళ పాఠం లేదా?" అంటే, "ఇదిగో మీ చెవి, తిప్పి చూసుకోండి" అని చేతిలో పెట్టేవాడు. చిన్నప్పటి నుంచీ తన ఒళ్ళు తనను పెట్టిన బాధంతా ఒక ఎత్తు, ఆ రెండు నెలలూ ఒక ఎత్తు.

మగపిల్లాడు పుట్టాడు. పరికరాలేవీ వాడలేదు, తొడకి సూది వెయ్యలేదు. పుట్టగానే బొడ్డుతాడు రక్తం పరీక్షకు పంపారు. తల్లికి అంకె పడిపోతుందేమోనని కాపలా కాశారు. పడింది కూడా. చేతిలో మందు సిద్ధంగా ఉంది కాబట్టి గండం గడిచింది. తెలియకుండా మామూలు ఆసుపత్రిలో ఉండి ఉంటే ఏమయ్యేదో పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సాయంత్రానికి బిడ్డ రక్తం సంగతి తేలింది. వాడికి జబ్బు ఉంది. తాతకి ఉన్నంతా ఉంది.

భార్య వచ్చి ఆ మాట చెప్పినప్పుడు తాళాల బాబాయి వార్డు బయట బెంచీ మీద ఉన్నాడు. లోపలికి వెళ్ళే మొహం లేదు. ఏం చెబుతాడు వెళ్ళి? అంతలో అల్లుడు తలుపు తీసి "మావయ్యా, మిమ్మల్ని పిలుస్తోంది" అన్నాడు.

కిటికీ పక్క మంచం మీద కూతురు దిండుకి ఆనుకుని ఉంది. మొహం పాలిపోయి ఉంది. ఒళ్ళో బిడ్డ, గుప్పెళ్ళు మూసుకుని నిద్రపోతున్నాడు. చిన్న పిడికిలి, ఎర్రటి మడమలు, ఏ లోపమూ కనిపించని ఒళ్ళు. ఆయన మంచం దగ్గరున్న కుర్చీలో బిగిసిన కాలు చాపుకుని కూర్చున్నాడు.

"నర్సమ్మ వచ్చి చెప్పి వెళ్ళింది" అందామె బిడ్డ మీంచి కళ్ళు తిప్పకుండా. "చర్మం కింద వేసే సూది ఉందట, త్వరలోనే మొదలుపెడతారట. చాలామటుకు కీళ్ళు వాచకుండా కాపాడుతుందట. అయినా ఎప్పుడైనా పడితే, దెబ్బ తగిలితే లోపల రక్తం కారొచ్చట. వాపు వచ్చేదాకా ఆగకూడదట. వీడికి మాటలు రావు. వాపు రాకముందు ఎలా ఉంటుంది నాన్నా? అది నర్సమ్మకి తెలీదు. నీకే తెలుసు."

ఆయన నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ ఏదో సరదా మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"వెచ్చగా ఉంటుందమ్మా ముందు. కీలు లోపల ఏదో పాకుతున్నట్టుంటుంది. నొప్పి ఉండదు అప్పుడు. కాలు పూర్తిగా చాపబుద్ధి కాదు. వీడైతే ఆ కాలు కదపకుండా పెట్టుకుంటాడు, ముట్టుకుంటే ఏడుస్తాడు. అప్పుడే మందు వేసెయ్యాలి. గంట ఆగావా, ఇక అది ఎవరి మాటా వినదు."

"నీకు అప్పుడే తెలిసేదా?"

"ప్రతిసారీ తెలిసేది."

"మరి?"

"అర్ధరాత్రి మీ అమ్మని లేపాలి, నువ్వు లేస్తావు, భయపడతావు. మందు చూస్తే ఖరీదాయె. తెల్లారేదాకా ఓర్చుకుందాంలే అనుకునేవాణ్ణి. అలా ఓర్చుకుని ఓర్చుకునే ఈ కాలు ఇలా అయింది. జబ్బు ఒక్కటే చేసిన పని కాదు ఇది."

ఆమె మొదటిసారి తలెత్తి తండ్రి మొహంలోకి చూసింది. ఆ గోడ అవతల మూలుగు వింటూ తాను ఎన్నిసార్లు తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చిందో ఆయనకు తెలియదు. ఆమె చెప్పలేదు. బిడ్డను జాగ్రత్తగా ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టింది.

"నీ కబుర్లన్నీ వీడికి చెప్పు నాన్నా. తాళాలు నేర్పు, గుత్తుల పాఠం చెప్పు, నీ ఇష్టం. ఆ ఓర్చుకోవడం మాత్రం నేర్పకు."

"నేర్పనమ్మా" అన్నాడు. తాళాల బాబాయి ఏడ్చాడు. పళ్ళు బిగించుకోలేదు, మొహం తిప్పుకోలేదు, పక్క మంచాలవాళ్ళు లేచి చూసేంత గట్టిగా ఏడ్చాడు. కూతురు ఊరుకోమనలేదు.